లెండ్, బారో: ఇచ్చేదెవరు, పుచ్చుకునేదెవరు?

"అంకుల్, ఒక పెన్ను బారో ఇస్తారా?"

ఢిల్లీలోనో నోయిడాలోనో స్టాఫ్ క్వార్టర్స్‌లో ఉండే వాళ్ళకి ఇలాంటి మాట కొత్త కాదు. ఇంట్లో తెలుగు, కింద పార్కులో హిందీ, బడిలో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలకి లెండ్, బారో అనే రెండు క్రియలు ఇట్టే కలిసిపోతాయి. "బారో మీ యువర్ స్కేల్" అంటారు. "ఐ లెంట్ దిస్ బుక్ ఫ్రమ్ ద లైబ్రరీ" అంటారు. పెద్దవాళ్ళేమీ తక్కువ తినలేదు. కౌంటరు దగ్గర నిలబడి "ఐ వాంట్ టు లెండ్ ఫైవ్ లాక్స్ ఫ్రమ్ యువర్ బ్యాంక్" అనే కస్టమర్లని మనలో చాలామంది చూసే ఉంటారు. ఆయన ఉద్దేశం మనకి తెలుసు కాబట్టి, నవ్వుకోకుండా లోన్ అప్లికేషన్ చేతికిస్తాం.

కానీ బ్యాంకు కుటుంబాల్లో ఈ రెండు మాటలూ కలిసిపోకూడదు. బ్యాంకు తక్కువ వడ్డీకి బారో చేస్తుంది, ఎక్కువ వడ్డీకి లెండ్ చేస్తుంది. ఆ రెండిటి మధ్య మిగిలే దానిలోంచే ప్రధానంగా మన జీతాలు వస్తాయి. ఈసారి పాఠం అందుకే ఈ జంట మీద.

ముందు వ్యాకరణం చూద్దాం, అది చిన్నదే. లెండ్ అంటే తిరిగి ఇవ్వాలనే షరతు మీద ఇవ్వడం. బారో అంటే తిరిగి ఇస్తానని ఒప్పుకుని తీసుకోవడం. జరిగే పని ఒకటే, మనం నిలబడిన గట్టు వేరు. రవి సైకిల్ సీత చేతికి వెళ్ళిందనుకోండి. రవి గట్టు మీద నిలబడి చెబితే "రవి లెంట్ హిజ్ సైకిల్ టు సీత". సీత గట్టు నుంచి చెబితే "సీత బారోడ్ ద సైకిల్ ఫ్రమ్ రవి". లెండ్‌కి తోడు 'టు', బారోకి తోడు 'ఫ్రమ్'. పిల్లలకి చెప్పడానికి ఇంకా సులువైన గుర్తు ఒకటుంది. ప్రశ్న 'యూ'తో అడిగితే లెండ్, 'ఐ'తో అడిగితే బారో. "కెన్ యూ లెండ్ మీ ఎ పెన్?" లేదా "కెన్ ఐ బారో ఎ పెన్?" రెండూ ఒకే పెన్ను కోసమే, రెండూ సరైనవే. "కెన్ యూ బారో మీ" మాత్రం పరీక్షలో మార్కు పోగొడుతుంది. అమెరికాలో మిన్నెసోటా వైపు కొందరు మామూలు మాటల్లో అలాగే అంటారని వాదించే పిల్లలు ఉంటే, వాళ్ళ చదువుని మెచ్చుకుని, ఇక్కడ దిద్దేది సీబీఎస్ఈ వాళ్ళని గుర్తుచేయండి. భూతకాలంలో లెండ్ 'లెంట్' అవుతుంది, 'లెండెడ్' అనే రూపం లేదు. బారోకి 'బారోడ్'.

మనవాళ్ళకి ఈ తికమక ఎందుకొస్తుందంటే, తెలుగులో దారి చూపించే పని చివరి క్రియది. అప్పు ఇస్తాం, అప్పు తీసుకుంటాం. 'అప్పు' అనే మాట అటూ ఇటూ కదలదు. హిందీలో కూడా 'ఉధార్ దేనా', 'ఉధార్ లేనా' అంటారు. కాబట్టి మన పిల్లల చెవిలో 'బారో' అంటే 'అప్పు' అనే నామవాచకంలా పడుతుంది. దానికి 'ఇవ్వండి' తగిలిస్తే 'బారో ఇవ్వండి' తయారవుతుంది. ఇది తెలివితక్కువతనం కాదు, తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషు మాటకి తొడగడం. జర్మన్‌లో అయితే 'లైహెన్' అనే ఒక్క క్రియ ఇవ్వడానికీ తీసుకోవడానికీ కూడా సరిపోతుంది. ఇంగ్లీషు మాత్రం దారిని క్రియలోనే దాచేసింది.

ఈ విషయంలో మన భాష పేదదని అనుకోకండి. ఇంగ్లీషు పట్టించుకోని తేడాని మనం పట్టించుకుంటాం. పక్కింటి నుంచి గ్లాసుడు పంచదార 'బదులు' తెచ్చుకుంటాం. ఆ పంచదార టీలో కరిగిపోతుంది. తిరిగి ఇచ్చేది దానికి బదులుగా మరో గ్లాసుడు. రెండు రోజుల్లో ఇచ్చేస్తానని వడ్డీ లేకుండా తీసుకునే డబ్బు 'చేబదులు'. పెళ్ళికి పెట్టుకోవడానికి నగ 'అరువు' తెచ్చుకుంటే ఆ నగే తిరిగి వెళ్ళాలి, అలాంటిదే మరొకటి కాదు. "అరువు సొమ్ము బరువు చేటు" అనే సామెతలో సొమ్ము అంటే నగ. ఇంగ్లీషులో పంచదారకీ నగకీ డబ్బుకీ బారో ఒక్కటే. కొట్లో సరుకు ఖాతా మీద తెచ్చుకున్నా మనకి అరువే. ఇక్కడి దుకాణాల్లో కనిపించే "ఆజ్ నకద్, కల్ ఉధార్" బోర్డుని మన ఊళ్ళ కొట్లలో "నేడు నగదు, రేపు అరువు" అని రాస్తారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్థాపించిన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ బడుల్లో తెలుగు చదువుకునే మన పిల్లలకి ఈ నాలుగు మాటలూ ఒకేసారి నేర్పితే, లెండ్, బారోల తేడా వేరే నేర్పనక్కర్లేదని నా అనుభవం.

లైబ్రరీ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పాత ఢిల్లీ రైల్వే స్టేషన్ ఎదురుగా 1951లో మొదలైన ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ పుస్తకాలని లెండ్ చేస్తుంది, పాఠకులు బారో చేస్తారు. మన చిన్నప్పుడు ఆంధ్రలో వీధికొకటి ఉన్న 'లెండింగ్ లైబ్రరీ'లు మాత్రం పేరుకే లెండింగ్. నవలకి రోజుకి ఇంత అని తీసుకునేవారు కదా, ఇంగ్లీషు లెక్కన అది 'రెంట్'. జనం వాటిని 'అద్దె పుస్తకాల షాపు' అన్నారు. జనమే కరెక్టు.

అద్దె మాట వచ్చింది కాబట్టి, ముఖర్జీ నగర్‌లోనో ఓల్డ్ రాజేంద్ర నగర్‌లోనో సివిల్స్‌కి చదువుతున్న పిల్లలున్న ఇళ్ళకి ఒక ముక్క. గేటు మీద 'టు లెట్' అని ఉంటుంది. 'లెట్' ఇచ్చేవాడి క్రియ, ఇంటాయన లెట్ చేస్తాడు. 'రెంట్' మాత్రం రెండు వైపులా పదునున్న కత్తి. "ఐ రెంటెడ్ ఎ ఫ్లాట్ ఇన్ నోయిడా" అంటే ఫ్లాటు అద్దెకి ఇచ్చానా, అద్దెకి తీసుకున్నానా? పక్కన 'టు' ఉందో 'ఫ్రమ్' ఉందో చూస్తే గాని తేలదు. మాటకి ఈ అయోమయం ఉంది కాబట్టే ఒప్పంద పత్రంలో 'లెసర్', 'లెసీ' అని వేరువేరుగా రాస్తారు. చివర 'ఆర్' శబ్దం ఉంటే ఇచ్చేవాడు, 'ఈ' శబ్దం ఉంటే పుచ్చుకునేవాడు.

ఈ గుర్తుని పట్టుకునే బ్యాంకు పరీక్షలు రాసేవాళ్ళు ఒకచోట బోల్తా పడతారు. హౌసింగ్ లోనులో 'మార్ట్‌గేజర్' ఎవరు? అప్పు ఇచ్చేది బ్యాంకు కాబట్టి బ్యాంకే అనిపిస్తుంది. కాదు. అక్కడ ఇస్తున్నది అప్పు కాదు, తాకట్టు. తాకట్టు ఇచ్చేది ఇంటి యజమాని. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 58వ సెక్షన్ ప్రకారం ఆయనే మార్ట్‌గేజర్, బ్యాంకు మార్ట్‌గేజీ. ఒకే ఫైలులో బ్యాంకు 'లెండర్' కూడా, 'మార్ట్‌గేజీ' కూడా. డబ్బు ఇటు నుంచి అటు వెళుతుంది, ఇంటి మీద హక్కు అటు నుంచి ఇటు వస్తుంది.

'బారో' పుట్టుపూర్వోత్తరాలు కూడా తాకట్టుకే చేరుతాయి. పాత ఇంగ్లీషులో 'బోర్గ్' అంటే పూచీ, హామీ. దానిలోంచే బారో వచ్చింది. అంటే ఆ మాటలో మొదట ఉన్నది తీసుకోవడం కాదు, పూచీ పడటం. 'లెండ్' పాత రూపంలో చివరి 'డ' లేదు, అది తర్వాత చేరింది. 'లోన్' స్కాండినేవియా వైపు నుంచి వచ్చిన నామవాచకం. "ప్లీజ్ లోన్ మీ సమ్ మనీ" అని అమెరికన్లు దాన్ని క్రియగా కూడా వాడతారు. మన ఉత్తరాల్లో లెండ్ అని రాయడమే బాగుంటుందని నా అభిప్రాయం.

పూచీ అన్న ఈ పాత అర్థం ఫైలులో సంతకం పెట్టే చోట ఇప్పటికీ బతికే ఉంది. అప్పు పత్రంలో మన ఇంటి వాళ్ళ సంతకం నాలుగు చోట్లలో ఎక్కడైనా పడవచ్చు: బారోయర్, కో-బారోయర్, గ్యారంటర్, విట్నెస్. చివరిది ఒక్కటే ఊపిరి పీల్చుకోగలిగిన చోటు. సాక్షి చెప్పేది ఫలానా వ్యక్తి నా ఎదుట సంతకం చేశాడని మాత్రమే, అప్పు తీర్చే బాధ్యత సాక్షికి లేదు. కో-బారోయర్ అంటే సగం అప్పుకి బాధ్యుడని చాలామంది అనుకుంటారు. మామూలుగా పత్రంలో ఉండేది ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యత, అంటే మొత్తం అప్పుకి ఇద్దరిలో ఎవరినైనా అడగవచ్చు. పిల్లల చదువుల లోనులో తల్లిదండ్రులు సాధారణంగా ఈ వరసలోనే సంతకం చేస్తారు. ఇక గ్యారంటర్. "ఊరికే ఫార్మాలిటీ అండీ" అంటూ బంధువులు సంతకం అడిగేది ఇక్కడే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, పత్రంలో వేరేగా రాసుకోకపోతే, హామీదారు బాధ్యత అసలు రుణగ్రహీత బాధ్యతతో సమానం. ముందు అప్పు తీసుకున్నవాణ్ణి పూర్తిగా వెంటాడి, అక్కడ రాకపోతేనే హామీదారు దగ్గరికి రావాలన్న నియమం లేదని బ్యాంక్ ఆఫ్ బీహార్, దామోదర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. హామీ సంతకం క్రెడిట్ రిపోర్టులో కూడా కనిపిస్తుంది. రేపు మన అమ్మాయి చదువుకో అబ్బాయి ఇంటికో లోను పెట్టుకున్నప్పుడు, ఎప్పుడో బావమరిది కారు లోనుకి పెట్టిన సంతకం అక్కడ కనబడితే ఇంట్లో ఆ రాత్రి మాటలుండవు. సంతకం పెట్టొద్దని నేననను. మన ఊళ్ళో జామీను ఉండటం మర్యాద, అవసరానికి అడిగిన మనిషిని కాదనలేం. కాకపోతే జామీను ఉన్నవాడు డబ్బు ముట్టకుండానే బారో చేశాడని తెలిసి పెట్టాలి.

ఇంతవరకు బ్యాంకు లెండ్ చేసే గట్టునే ఉంది. ఇప్పుడు గట్టు మారుద్దాం. మీ అమ్మగారు పింఛను డబ్బులో కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశారు. ఇందులో లెండర్ ఎవరు? బ్యాంకులో డబ్బు 'దాచుకున్నాం' అంటాం కాబట్టి, లాకర్లో నగలాగా ఆ నోట్లు అక్కడే ఉన్నాయని మనసు నమ్ముతుంది. చట్టం అలా చూడదు. ఇంగ్లండులో 1848లో ఫోలీ, హిల్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చిన మాటే మన దగ్గర కూడా చెల్లుతోంది: డిపాజిట్ చేసిన డబ్బు బ్యాంకుదవుతుంది, బ్యాంకు ఖాతాదారుకి బాకీ పడుతుంది. అంటే మీ అమ్మగారు బ్యాంకుకి లెండ్ చేశారు, బ్యాంకు ఆవిడ దగ్గర బారో చేసింది. పంచదారలాగే, ఇచ్చిన నోటు తిరిగి రాదు, దానికి బదులు వస్తుంది. లాకర్లో పెట్టిన నగ మాత్రం ఆ నగే వస్తుంది. బ్యాలెన్స్ షీటులో మూడో షెడ్యూలు డిపాజిట్లు, నాలుగో షెడ్యూలు బారోయింగ్స్. పేర్లు వేరైనా రెండూ బాకీలే. బ్యాంకుకి అప్పిచ్చిన ఈ సామాన్యుడికి రక్షణగానే డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉంది. 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటరుకి అసలూ వడ్డీ కలిపి 5 లక్షల వరకు. ఆ ప్రీమియం బ్యాంకే కడుతుంది.

రెండు నెలలకోసారి టీవీలో వినిపించే రెపో రేటు కూడా ఈ పాఠంలోదే. రిజర్వు బ్యాంకు చట్టం 45యు సెక్షన్‌లో రెపో అంటే సెక్యూరిటీలు అమ్మి, తిరిగి కొంటానన్న ఒప్పందం మీద డబ్బు 'బారో' చేయడం. రివర్స్ రెపో అంటే అలాగే సెక్యూరిటీలు కొని డబ్బు 'లెండ్' చేయడం. ఒకే లావాదేవీకి ఈ గట్టున ఒక పేరు, ఆ గట్టున ఒక పేరు. మన బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గర బారో చేసే రేటు రెపో రేటు. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ రేటు గృహరుణాలన్నీ ఇలాంటి బయటి ప్రమాణానికి ముడిపడ్డాయి కాబట్టి, ఆ వార్త వచ్చిన రోజు ఇంటి ఈఎంఐ గురించి మాట్లాడుకుంటాం.

ఇక మిగిలింది మూడో క్రియ, 'యూజ్'. తీసుకుని వెళ్ళగలిగిన దాన్ని బారో చేస్తాం, ఉన్నచోటే వాడుకునేదాన్ని యూజ్ చేస్తాం. "మే ఐ బారో యువర్ బాత్‌రూమ్" అంటే బాత్‌రూమ్‌ని మోసుకుపోతాడేమో అనిపిస్తుంది. అక్కడ యూజ్ అనాలి. ఫోను మాత్రం రెండూ కావచ్చు: పక్కన నిలబడి ఒక కాల్ చేసుకుంటే యూజ్, సాయంత్రం దాకా పట్టుకెళితే బారో.

మరి బ్యాంకు ఖాతా? "కెన్ ఐ యూజ్ యువర్ అకౌంట్ ఫర్ టూ డేస్?" అనే మెసేజ్ ఇప్పుడు కాలేజీ పిల్లల ఫోన్లకి వస్తోంది. సీనియర్ పేరుతో వస్తుంది, పార్ట్‌టైమ్ ఉద్యోగం పేరుతో వస్తుంది, ఆన్‌లైన్ గేమింగ్ కంపెనీ పేరుతో వస్తుంది. ఖాతాకి అద్దె ఇస్తామంటూ నేరుగా అడిగేవాళ్ళూ ఉన్నారు. ఏటీఎం కార్డు, సిమ్, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డు ఇస్తే చాలు, వచ్చే ప్రతి లావాదేవీ మీద కమీషన్ అంటారు. హాస్టల్లో ఉండే పిల్లవాడికి ఇది సైకిల్ ఇచ్చినంత తేలికగా కనిపిస్తుంది. వాడి సైకిలు, రెండు రోజుల తర్వాత తిరిగి వస్తుంది, మధ్యలో నాలుగు డబ్బులు మిగులుతాయి.

లెండ్ అన్న మాట ఖాతాకి అతకదు, ఎందుకో వాడికి విడమరిచి చెప్పాలి. సైకిల్ ఇస్తే తొక్కేవాడు కనిపిస్తాడు. ఖాతా ఇస్తే కనిపించేది ఖాతాదారు పేరే. కేవైసీలో ఉన్న ఫొటో, ఆధార్, పాన్, సంతకం మనవే. ఎక్కడో ఒక పెద్దాయనని 'డిజిటల్ అరెస్టు' అని బెదిరించి లాగిన డబ్బు ఆ ఖాతాలోకి వచ్చి, పది నిమిషాల్లో మరో నాలుగు ఖాతాల్లోకి వెళ్ళిపోతుంది. ఫిర్యాదు అందాక పోలీసులు డబ్బు దారిని వెతుక్కుంటూ వస్తే ముందు దొరికేది ఈ పేరే. ఇలాంటి వాటిని 'మ్యూల్ అకౌంట్లు' అంటారు. మ్యూల్ అంటే కంచరగాడిద, ఎవరిదో బరువు మోసేది. వీటిని పసిగట్టడానికి రిజర్వు బ్యాంకు ఇన్నోవేషన్ హబ్ తయారుచేసిన 'మ్యూల్‌హంటర్ ఏఐ' గురించి 2024 డిసెంబరు ద్రవ్య విధాన ప్రకటనలో చెప్పారు. దొంగసొమ్మని నాకు తెలియదు అన్న వాదన కోర్టు దాకా వెళ్ళాక వింటారేమో గాని, ఈలోగా ఖాతా స్తంభిస్తుంది, ఫీజు కట్టాల్సిన గడువు దాటుతుంది, ఉద్యోగానికి ముందు పోలీసు వెరిఫికేషన్ అడ్డం తిరుగుతుంది. బ్యాంకు ఉద్యోగి ఇంటి పిల్లవాడైతే ఆ ఇబ్బంది ఇంకా దూరం వెళుతుంది.

ఈ మెసేజ్‌లలో మాటల ఎంపిక గమనించండి. లెండ్ అని అడగరు, బారో అనరు. 'హెల్ప్', 'షేర్', 'యూజ్' అంటారు. లెండ్ అంటే తిరిగి రావలసింది ఏమిటన్న ప్రశ్న వస్తుంది, బారో అంటే తీసుకున్నవాడెవడన్న ప్రశ్న వస్తుంది. ఆ రెండు ప్రశ్నలూ వాళ్ళకి ఇష్టం ఉండదు. పిల్లలు అదే ప్రశ్న తిరిగి వేస్తే చాలు: "హూ ఈజ్ బారోయింగ్ ఇట్, అండ్ ఫ్రమ్ హూమ్?" జవాబుగా పేరు, ఊరు, పత్రం రావు.

ఇప్పటికే ఎవరికైనా ఇచ్చేసి ఉంటే, ఇంట్లో కేకలేసే ముందు చేయాల్సినవి ఉన్నాయి. కార్డు బ్లాక్ చేయించండి, పాస్‌వర్డూ యూపీఐ పిన్నూ మార్చండి, ఖాతాకి కలిపిన ఫోను నంబరు మీదేనో కాదో చూడండి, బ్రాంచికి రాతపూర్వకంగా తెలియజేసి రసీదు తీసుకోండి. ఖాతాలోకి వచ్చిన తెలియని సొమ్ముని ఎవరు అడిగినా మీ అంతట మీరు తిప్పి పంపకండి. అది కూడా బ్రాంచి ద్వారానే జరగాలి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ నంబరు 1930.